దాతలు లేరు

సాఫ్ట్‌వేర్ కంపెనీలు వీధికొకటిగా పుట్టుకొస్తున్న రోజులవి. భర్త తాతాజీ పెద్దకర్మ అయ్యాక లోవలక్ష్మి పద్మారావు నగర్‌లోని బడికి మళ్ళీ వెళ్తోంది. ఆ ఆదివారం తమ్ముడు రమణబాబు వచ్చాడు. పెట్టిన ఉప్మా కెలుకుతూ కూర్చున్నాడే తప్ప ముద్ద ఎత్తలేదు.

తాతాజీకి ఆఖరి రాత్రి ఎంత వెతికినా దొరకని 'ఓ నెగెటివ్' రక్తం గురించే చెప్పాడు చివరికి. తాతాజీని చేర్చిన ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు ప్రోగ్రాం రాసింది అతనే. తాతాజీ పోవడానికి ముందు వారమే దాతల వీధి, పేట, ఫోను మూడూ కలిపి చిరునామా అనే ఒకే గడిలో పెట్టారు. దగ్గరి దాతల కోసం అందులోంచి పేటను మాత్రం అడగాలంటే గడి పేరును బ్రాకెట్లలో పెట్టి, పక్కన చుక్క పెట్టి అడగాలి. బ్రాకెట్లు లేకపోతే డేటాబేస్ దాన్ని వేరే పట్టిక పేరనుకుని, అలాంటిది లేదని తప్పు చూపిస్తుంది. అతను బ్రాకెట్లు మరిచిపోయాడు.

"మరి తప్పని ఎందుకు చూపించలేదు?"

"కస్టమర్ కంట ఎర్ర అక్షరాలు పడకూడదని మా ఆఫీసులో రూలక్కా. ఏ తప్పొచ్చినా 'దాతలు లేరు' అని పడేలా పెట్టేం."

ఆమె అతని ముందున్న పళ్ళెం పక్కకు జరిపింది.

"ఉన్నారా?"

"నిన్న ఆఫీసులో సరిచేసి చూసేను. చిలకలగూడలోనే ఉన్నారు."

బావ ఉన్న ఆసుపత్రికి అంత దగ్గరలో అని అతను అనలేదు.

"ఆసుపత్రిలో సరిచేశారా?"

సోమవారం మారుస్తారని, ఎవరికీ చెప్పొద్దని మేనేజరు అన్నాడని, నోరు విప్పితే ఉద్యోగం పోతుందని అతను నసిగాడు. ఆమె ఫోను తీసి, ఆ రాత్రంతా తాను చేసిన నంబరే నొక్కి అతని చేతిలో పెట్టింది.

"నీ పేరు చెప్పి మాట్లాడు."

అవతల బ్లడ్ బ్యాంకు అమ్మాయి ఎమిలీ. రమణబాబు పేరు చెప్పాడు, జరిగింది చెప్పాడు.

"పొద్దున సుత ఒకామెకు లేరనే వచ్చింది సార్. వేరే దవాఖానకు పంపినం."

అతను ఫోను చేత్తో మూసి అక్క వైపు చూశాడు.

"ఏ దవాఖానకో అడుగు," అంది లోవలక్ష్మి చెప్పులేసుకుంటూ.