విచ్చుకుంటే దండగ

పూలకూలి లవ్‌డే నడుం వంచితే మళ్ళీ ఎత్తేది చీకటి పడ్డాకే. చేయి మట్టికి ఆనించి డాఫొడిల్ పూమొగ్గ కాడ పుటుక్కున తుంచడం, కట్టకి రబ్బరు బ్యాండు వేయడం, ముందుకు జరగడం. కాడల్లోంచి కారే జిగురుకి మోచేతుల దాకా దద్దుర్లు. ఈ సముద్రపొడ్డు కార్న్‌వాల్ గాలి సంగతి సరేసరి; ఆ గాలికి ఒక ఆదివారం ఇక్కడి పాదిరిగారి ప్రసంగం పక్క ఊరి చర్చిలో వినబడితే, అక్కడివాళ్ళు చందా కూడా వేశారంటారు.

పట్నానికి మొగ్గే సరుకు. ఆకుపచ్చగా, పెన్సిల్లా మూసుకుని ఉండాలి. విచ్చుకుందా, దండగ, తుంచి కాళ్ళకింద పడేసి తొక్కేయాలి. నిన్నటి ఎండకి పొలం సగం పసుపెక్కింది. లవ్‌డే ఆ దండగలోంచి ఒడినిండా ఏరుకుంది.

మేస్త్రీ జాగో చూడనే చూశాడు.

"అవెక్కడికి ముసలమ్మా?"

"మంచానపడ్డ మా అక్కకి. ఈ ఏడాది పూలు చూడకుండానే పోతానేమోనే అని నిన్న ఏడ్చింది."

"పొలం దాటితే దొంగతనమే. యజమాని మాట."

"చెత్తేగా తీసుకెళ్తున్నా."

"చెత్త కూడా ఆయనదే."

"అయితే ఆయన్నే వచ్చి తొక్కుకోమను."

"గేటు దాటావంటే రేపట్నుంచి రాకు."

లవ్‌డే చేతి తొడుగులు ఊడదీసి వాడి బూట్ల మీద విసిరి గేటు దాటింది. ముప్పై ఏళ్ళుగా పూలు తొక్కిన తన కాళ్ళ మీద కూడా ఆమెకు కోపంగానే ఉంది.

అక్క సెనారా ఇంటి గుమ్మంలో కోడలు కెరా చేతులడ్డం పెట్టింది.

"చిన్నత్తా, అవి లోపలికి తేకు. కోళ్ళు పొదుగుతున్నాయి. పొదిగేటప్పుడు ఈ పూలు గడప దాటితే గుడ్లలోంచి ఒక్క పిల్లా లేవదు."

ఆ భయం లవ్‌డేకీ ఉంది. కోళ్ళు పొదిగే రోజుల్లో తన ఇంట్లోకీ ఏనాడూ ఒక్క డాఫొడిల్ రానివ్వలేదు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

"మీ అత్త పోతుంటే కోళ్ళేమిటే?"

"ఆ కోళ్ళు ఆవిడవే. పిల్లలు లేచాయా అని పొద్దున్నే అడిగింది."

"ఎవరే, లవ్‌డేనా?" అని లోపల్నుంచి సన్నగా వినబడింది.

"నేనేనే అక్కా, ఉండు, దీని సంగతి తేల్చి వస్తా," అంది లవ్‌డే. తేల్చడానికి చాలాసేపే పట్టింది. కోళ్ళ దగ్గర మొదలై, ఎవరి పెళ్ళిలోనో కాలిపోయిన కేకు దాకా వెళ్ళింది. లోపల్నుంచి మళ్ళీ ఏ మాటా రాలేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

కెరా పక్కకు తప్పుకుంది. లవ్‌డే పూలతోనే లోపలికి వెళ్ళింది.

సెనారా తల తలుపు వైపే తిరిగి ఉంది, ఊపిరి లేదు. దుప్పటి మీద ఆమె కళ్ళజోడు, అద్దాలు శుభ్రంగా తుడిచి, పెట్టుకోవడానికి కాడలు విప్పి ఉంది.