నూకాలమ్మ అడిగిన మందుబిళ్లలు

పోలిరాజు గుండెకు స్టెంటు వేసిన డాక్టరు, ఈ బిళ్లలు మానితే పైకి టికెట్టేనని నవ్వుతూ చెప్పాడు. నవ్వడానికి ఆయనకేం, కొనాల్సింది జగ్గమ్మ. పొట్టకూటికి వలసొచ్చి, గార్డెన్ రీచ్ ఓడరేవు డాకులో మూటలు మోసి మోసి మొగుడు మూలపడ్డాక, పదిళ్లలో అంట్లు తోమి సంసారం ఈడుస్తోంది. సర్కారు ఆరోగ్య కార్డు పట్టుకెళ్తే, ఆస్పత్రిలో చేరితేనే చెల్లుతుందన్నారు. అంటే బిళ్లలకి డబ్బు పుట్టాలంటే ముందు మళ్లీ గుండె ఆగాలన్నమాట. ఏం తెలివండీ! పార్టీ ఆఫీసు దాదా అయితే టీ ఇప్పించి, చాలా బాధపడి, పంపేశాడు.

ఆఖరికి తెలుగు బస్తీలో నూకాలమ్మ గుడి కమిటీ పెద్ద ఢిల్లీశ్వరరావు దగ్గరికెళ్లింది. జాతర చందాలు దండిగా వచ్చాయని అందరికీ తెలుసు. ఆయన మీసం సవరించుకుని, అది అమ్మవారి సొమ్మనీ, మనుషుల రోగాలకి ముట్టుకుంటే కళ్లు పోతాయనీ సెలవిచ్చాడు. పోయినేడు అదే సొమ్ముతో తన బావమరిది దగ్గర మైకుసెట్టు కొన్నప్పుడు ఎవరి కళ్లూ పోలేదు. దాన్ని అమ్మవారే అడిగింది మరి. పూనకంలో అమ్మ ఏం అడిగితే అది కమిటీ ఇచ్చి తీరాలి, లేకపోతే బస్తీకి అరిష్టం. ఆ పూనకం వచ్చింది బావమరిది పెళ్లానికే అన్న సంగతి మాత్రం ఎవరూ పైకి అనరు.

ఇంట్లో పోలిరాజు బిళ్లలు పూట విడిచి పూట మింగుతున్నాడు. జగ్గమ్మకి కడుపు మండిపోయింది.

జాతరనాడు డప్పు జోరందుకోగానే జుట్టు విరబోసుకుంది. భయం లేక కాదు. తప్పయితే నన్ను కొట్టు తల్లీ, ఆయన జోలికి పోకు అని లోలోపల దండం పెట్టుకుని మరీ ఊగింది. ఢిల్లీశ్వరరావు పరుగున వచ్చి పసుపునీళ్లు చల్లి, వేపమండ పట్టుకుని వంగాడు.

"ఏటి కావాల తల్లీ? కోడా, మేకా?"

"కోడీ ఒద్దు, మేకా ఒద్దు. నా బిడ్డ పోలిరాజుకి గుండె బిళ్లలు కావాల. సవక కంపెనీవయినా పర్వానేదు."

డప్పు టక్కున ఆగింది. ఢిల్లీశ్వరరావు కొరకొరా చూశాడు. కానీ ఇది దొంగ పూనకమంటే మైకుసెట్టు మాటేమిటి? మండ మీద చెయ్యేసి ఒప్పుకున్నాడు. డప్పు మళ్లీ అందుకుంది.

ఇంతలో అటుపక్క ఆడాళ్లలో రోజారాణికి పూనకం వచ్చింది. అమ్మ ఈసారి రోజారాణి అత్తకి సుగరు ఇంజెక్షన్లు కోరింది. అప్పలలక్ష్మి ఊగుతూ వచ్చి మొగుడి ఆయాసానికి నోట్లో కొట్టుకునే పంపు అడిగింది. మగాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అమ్మవారు పొద్దున్నే ఆస్పత్రి ఓపీలో చీటీ తీసుకుని వచ్చినట్టుంది.

అప్పుడు ఢిల్లీశ్వరరావు చేతిలోంచి వేపమండ జారింది. భుజాలు అదురుతున్నాయి. కోపమేమో అనుకుంది జగ్గమ్మ. ఆ బస్తీలో మగాడికి పూనకం రావడం ఎవరూ ఎరగరు, పైగా అమ్మని అడగాల్సినవాడే ఆయన. ఎవరూ కదలకపోయేసరికి జగ్గమ్మే ఊగడం ఆపి, కింద పడ్డ మండ అందుకుంది.

"ఏటి కావాల తల్లీ?"

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నా ఇంటిదానికి కేన్సరప్పా. అమ్మ సొమ్మని ముట్టుకోనేదు. ఎవరికీ సెప్పనూ నేదు."

ఇన్నాళ్లూ ఈయన్ని తిట్టిన తిట్లన్నీ జగ్గమ్మకి గుర్తొచ్చాయి. ఆయన నుదుటికి ఇంత పసుపు పట్టించి, జనం వైపు తిరిగి అరిచింది.

"డప్పు ఆపకండ్రా. అమ్మ ఇంకా అడుగుతాది."