లోపలి పోగు

వీరేశం గ్యాస్ పైపు మీద సబ్బునీళ్లు రాసి, బుడగ లేస్తుందేమోనని వంగి చూస్తున్నాడు. పొయ్యి ముందు ఆండాళు గిన్నె పట్టుకుని నిలబడింది.

"నిన్న జూస్తివి, మొన్న జూస్తివి. గిది ఇల్లు, నీ మిల్ట్రీ గాదు. జర చాయ్ పెట్టనీ" అంది భర్తతో.

"అయిపాయె" అంటూ ఆయన పైపును పొడిగుడ్డతో తుడిచాడు.

యాభై ఐదేళ్ల మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కుడి చూపుడువేలి కొన అరిగి నున్నగా మెరుస్తుంది. పోచంపల్లిలో తండ్రి గండయ్య మగ్గం పక్కన పెరిగినవాడు. తెగిన పోగును చూడకుండానే వేలితో పట్టేవాడు. పంతొమ్మిదేళ్లకు సైన్యంలో చేరితే ఆ వేలే ఆయనకు ఉద్యోగమైంది. ఆగ్రాలో ఇరవై నాలుగేళ్లు పారాచూట్లు పరీక్షించాడు. కింద దీపాలు వెలిగే పొడవాటి గాజుబల్ల మీద గుడ్డను జానెడు జానెడు జరుపుతూ, కంటికి ఆనని చిరుగు కోసం, వదులైన కుట్టు కోసం వెతికేవాడు. తాను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు, ఎత్తంటే భయం. కాని జవాన్లు దూకే రోజు మైదానం అంచున నిలబడి, ఆకాశంలో గొడుగులన్నీ విచ్చుకున్నాకే వెళ్లి అన్నం తినేవాడు.

"గంతమందిల ఒక్కడన్న నీ పేరడిగిండా?" అని ఆండాళు ఒకసారి అడిగింది.

"అడిగితెనే ఫికర్. అడగలేదంటే అందరు మంచిగ దిగినట్టు."

చాయ్ తాగి, ఎనిమిది గంటల బస్సులో చౌటుప్పల్ చేరాడు. పదేళ్లుగా అక్కడి ఒక మందుల ఫ్యాక్టరీ స్టోరులో పని. ఎత్తుకెక్కే కూలీలు నడుముకు, భుజాలకు కట్టుకునే బెల్టులను చూసి ఇవ్వాలి. ఆ రోజు పెద్ద ట్యాంకుకు రంగులు వేసేవాళ్లు వరసగా నిలబడ్డారు. ముందున్న విజేందర్ విసుక్కున్నాడు.

"అన్నా, ఎండ ముదురుతాంది. నువ్వు బెల్టు జూస్తున్నవా, పిల్లను జూస్తున్నవా?"

అందరూ నవ్వారు. వీరేశం కూడా నవ్వాడు గాని వేలు ఆపలేదు. భుజం పట్టీ మడత దగ్గర అది ఆగింది. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఇది వద్దు."

కాంట్రాక్టరు నవీన్‌కుమార్ దగ్గరికి వచ్చాడు. "కొత్తది గదనే! కొని నెల గాలే. గిట్ల పక్కకు పెట్టుకుంట పోతె పని ఎప్పుడైతది?"

"కొత్తదే. పైన మంచిగనే ఉన్నది. లోపలి పోగు సచ్చిపోయింది. యాసిడ్ డబ్బాల కాడ పెట్టిన్రా దీన్ని?"

వీరేశం పట్టీని గోడకున్న ఇనుప కొక్కేనికి తగిలించి, రెండు కాళ్లూ ఎత్తి వేలాడాడు. పటుక్కున తెగింది. ఆయన నేల మీద కూలబడ్డాడు. తెగినచోటు నుంచి పోగులు పొడిపొడిగా రాలాయి.

విజేందర్ ఆయన్ను చేయి పట్టి లేపాడు.

"దెబ్బ తాకిందా అన్నా?" అన్నాడు. కాసేపటికి మెల్లగా, "నాకిచ్చేది ఇంకోసారి చూడరాదే" అన్నాడు.

వీరేశం మిగిలినవి చూసి, అందరినీ పైకి పంపాడు. మధ్యాహ్నం ఆండాళు కట్టిచ్చిన జొన్నరొట్టె తిని, మర్నాటి బెల్టులు ముందేసుకున్నాడు.

మూడు గంటలకు విజేందర్ నీళ్ల కోసం దిగాడు. స్టోరులో వీరేశం బల్ల మీది బెల్టు ముందు తల వాల్చి కూర్చుని ఉన్నాడు. పని మీద ఆయన కునుకు తీయడం ఎవరూ ఎరగరు. "వీరేశమన్నా" అని పిలిచాడు. భుజం తట్టాడు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు.

పోచంపల్లిలో ఇంటి ముందు ఫ్యాక్టరీ బండి ఆగింది. నేతలో ఉన్న ఆండాళు, రంగులంటిన బట్టలతో దిగిన విజేందర్‌ను చూసి లేచి వచ్చింది.

"ఎవరు పడ్డరు?"

"ఎవ్వరు పడలేదొదినె" అని అతను తల దించుకున్నాడు. "అన్ననే..."

నాలుగో రోజు పని మళ్లీ మొదలైంది. వీరేశం చూసి కొక్కేలకు తగిలించిన బెల్టులను తలా ఒకటి తీసుకున్నారు. విజేందర్ దాకా వచ్చేసరికి కొక్కేలు ఖాళీ అయ్యాయి. నవీన్‌కుమార్ వీరేశం బల్ల మీద మిగిలిన బెల్టును చూపించాడు.

"గది కట్టుకో. అన్న చూస్తనే ఉండె గద."

"సగమే చూసిండు" అన్నాడు విజేందర్.

నవీన్‌కుమార్ మరి బలవంతపెట్టలేదు. ఆ రోజు విజేందర్ కిందే ఉండి రంగులు కలిపాడు. స్టోరులో బల్ల మీద ఆ బెల్టు అలాగే ఉంది. ఒక పట్టీ బారుగా చాపి ఉంది, రెండోది ఇంకా చుట్టలోనే ఉంది.