ఉద్యోజకుని పేరు

“మా కోడలు ఉద్యోగం చదువుతాంది” అని మా అత్త బుచ్చమ్మ భివండిలో మా గల్లీ అంతా చెప్పుకొచ్చింది. గొప్పగానే చెప్పిందిలెండి. ఆ మాట అంటున్నప్పుడు నేను ఆమె ఎదుటే కూర్చుని కండెలు చుడుతున్నాను. మగ్గం నాడెలో పెట్టే నూలు కండెలు. రోజూ నాలుగు గంటలు నేను, ఆరు గంటలు ఆమె. మేమిద్దరం చేతులు ముడుచుకుంటే పక్క షెడ్డులోని మా రెండు పవర్‌లూమ్‌లు పూట తిరక్కుండా ఆగిపోతాయి. అయినా ఎవరడిగినా మా ఆయన దత్తాత్రి ఒకటే మాట చెబుతాడు: “మా ఆడోళ్లు పనికి పోరు, ఇంట్లనే ఉంటరు.”

అత్త మాటలో తప్పేమిటో ఆ గల్లీలో నాకొక్కదానికే తెలుసు. నేను బి.కాం. ఆఖరి ఏడు చదువుతున్నాను. అందులో ఒక పేపరు పేరు మరాఠీలో ‘లఘు ఉద్యోగ్’. మరాఠీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ, సొంతంగా పెట్టుకున్న పని. అది పెట్టినవాణ్ణి ఉద్యోజక్ అంటారు. మన తెలుగులో ఉద్యోగమంటే కుర్చీ, ఫ్యాను, ఒకటో తారీఖు జీతం. మాట అదే, అర్థం మాత్రం తలకిందులు. ఒకటి ఇంకొకరి కింద చేసేది, రెండోది ఎవరి కిందా చేయనిది. పుస్తకం అట్ట మీద ఆ మాట చూసి మా ఆయన, “అచ్ఛా, ఉద్యోగం సంగతి గూడ చెప్తున్నరా! ఇగ బ్యాంకుల నీకు నౌకరీ పక్కా” అని మురిసిపోయాడు. కాదని నేను చెప్పలేదు. చెబితే కాలేజీ ఆ రోజుతోనే ఆఖరు. అబద్ధమాడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, నోరు మూసుకోవడం కూడా అబద్ధమేనని నాకు తెలియదా ఏమిటి?

నా మీద ప్రేమతో కాలేజీకి పంపాడనుకునేరు! బ్యాంకులు ఆడవాళ్లను తీసుకుంటున్నాయని అప్పుడు అందరి నోటా అదే మాట. డెబ్బై మూడు, డెబ్బై నాలుగు నాటి సంగతి. నేను మరాఠీ బడిలో మెట్రిక్ పాసయ్యాను, ఆయన రెండుసార్లు తప్పి వదిలేశాడు. ఇంట్లోకి ఒక జీతం వస్తుందన్న ఆశ ఆయన చేత కాలేజీ ఫారం మీద సంతకం పెట్టించింది. పొద్దున ఐదింటికి నల్లా నీళ్లు, జొన్నరొట్టెలు, ఇద్దరు ఆడపిల్లల జడలు, ఏడింటికి కాలేజీ, పదకొండింటికి ఇల్లు, మళ్లీ కండెలు. మూడేళ్లు ఇలాగే గడిచాయి. “పోతే పో గని, ఇంట్ల పని మాత్రం ఆగొద్దు” అని అత్త. “నౌకరీ రాకుంటె పుస్తకాలన్ని అటుక మీదికే, యాదుంచుకో” అని ఆయన. పుస్తకాన్ని నూలు గంప మీద తెరిచి పెట్టుకుని, ఒక చేత్తో రాట్నం తిప్పుతూ చదివేదాన్ని. పేజీ తిప్పడానికి నూలు తెగేదాకా ఆగాలి. అట్లా చదివినవే నాకు బాగా గుర్తున్నాయి.

ఆ పేపరు చెప్పే పాటణ్‌కర్ సర్ మొదటి రోజునే, “ఉద్యోజక్ మ్హణజే జోఖీమ్ ఘేణారా” అన్నాడు. ముప్పును నెత్తిన వేసుకునేవాడే ఉద్యోజకుడట. మగ్గం తిప్పేవాడు కాదు, పేరున్నవాడు కాదు, పని చెడితే తనది ఏదో ఒకటి పోగొట్టుకునేవాడు. ఆ మాట నోట్‌బుక్‌లో రెండుసార్లు రాసుకున్నాను. ఎందుకో చెబుతాను.

అంతకు ముందు ఏడు మా కోరా గుడ్డను బజార్లో అడిగే దిక్కు లేకపోయింది. మా ఆయన ఒక మగ్గం అమ్మేస్తానని కూర్చున్నాడు. అదే రోజుల్లో మా గల్లీ మూలన దర్జీ పని చేసే యమునాబాయి నా దగ్గర గోడు వెళ్లబోసుకుంది. లంగాలకు తను కొనే గుడ్డ ఒక్క ఉతుక్కే బెత్తెడు ముడుచుకుపోతోందట, ఆడవాళ్లు వచ్చి తనను తిట్టిపోస్తున్నారట. నేను ఊరుకుంటానా? దొరికిన నూలు రకాలన్నిటి గుడ్డల్లోంచి జానెడేసి ముక్కలు కత్తిరించి, బకెట్లో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్లీ జానతో కొలిచాను. ఒక్క రకం మాత్రం ముడుచుకోలేదు. ఆ నూలుతో లంగా గుడ్డ నేద్దామన్నాను. “నీకేం ఎర్క? బకెట్లకెల్లి తీసుకొచ్చి మగ్గం మీద పెడ్తవా?” అన్నాడు మా ఆయన. నాకు మొండితనం వచ్చేసింది. “ఒక్క మగ్గం మీద నేసి సూడు. గుడ్డ అమ్ముడుపోకుంటె నేను కాలేజ్ బంద్ పెడ్త” అన్నాను. ఆ మాట మీదనే ఒప్పుకున్నాడు. ఆ నెల రోజులూ నాకు అన్నం సహించలేదు. గుడ్డ అమ్ముడుపోయింది. యమునాబాయి ఇంకో నలుగురు దర్జీలను వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు రెండు మగ్గాలూ అదే నేస్తున్నాయి. మరి జోఖీమ్ అంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పాలా?

ఆఖరి ఏడు ప్రతివాళ్లూ ఒక కార్ఖానా గురించి ఫారం నింపి ఇవ్వాలి. దానికి పాతిక మార్కులు. కింద మాలక్, అంటే యజమాని, సంతకం ఉండాలి, లేకపోతే ఫారం తీసుకోరు, పరీక్షకు కూర్చోనివ్వరు. నేను మా షెడ్డునే రాసుకున్నాను. సర్ సంతోషపడి, క్లాసంతటినీ అక్కడికే తీసుకొస్తానన్నాడు. భివండిలో శుక్రవారం మగ్గాలకు సెలవు, మాట వినపడుతుంది కాబట్టి ఆ రోజే వచ్చారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. నేను నోట్‌బుక్ పట్టుకుని నా క్లాసువాళ్ల వరసలో నిలబడబోతుంటే చెయ్యి పట్టి పక్కకు లాగి, “మరి అందరికి చాయ్ ఎవ్వలు పెడ్తరు?” అన్నాడు. నిజమే, ఎవరు పెడతారు? షెడ్డుకూ ఇంటికీ మధ్యనున్న గోనె పరదా ఇవతల కూర్చుని నా క్లాసుకు నేనే చాయ్ కాచాను. నా పక్కన అత్త కండెలు చుడుతోంది. మగ్గాలకు సెలవు గానీ కండెలకు ఏనాడూ లేదు.

“కామగార్ ఎంతమంది?” అని సర్ పనివాళ్ల లెక్క అడగడం వినిపించింది. “ఇద్దరే. నర్సింగం, కనుకయ్య” అన్నాడు మా ఆయన మరాఠీలో. అత్తకు మరాఠీ బాగా తెలుసు. ఆమె తల ఎత్తలేదు. లంగా గుడ్డ ఆలోచన ఎవరిదని అడిగితే, “నాదే” అన్నాడు. ఏం జోఖీమ్ తీసుకున్నారంటే, “దేవుని మీద భారం ఏసిన” అని నవ్వాడు, అందరూ నవ్వారు. నా నెల రోజుల ఉపవాసం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. తర్వాత సర్ గోడకు వేలాడే మగ్గాల పర్మిట్ చదివి, “ఈ బుచ్చమ్మ ఎవరు?” అన్నాడు. “మా అమ్మ. పేరుకే” అన్నాడు మా ఆయన. పరదా ఇవతల రాట్నం ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. నేను పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లాను. మూడేళ్లుగా నా పక్క బెంచీలో కూర్చుని ‘సుశీలా, సుశీలా’ అని ప్రాణం తీసే పిల్ల, కప్పు అందుకుంటూ, “థ్యాంక్యూ వహినీ” అంది. వదిన అయిపోయానట! పళ్లెం చేతికొచ్చేసరికి నేను వాళ్ల క్లాసుదాన్ని కాకుండా పోయాను. ఆ పిల్ల మీద కాదు గానీ నాకు పట్టరానంత కోపం వచ్చింది, వెనకాలే ఏడుపు కూడా.

ఫారం నింపడానికి వారం పట్టింది. కామగార్ అన్నచోట నలుగురి పేర్లు రాశాను. నర్సింగం, కనుకయ్య, సుశీల, బుచ్చమ్మ. మా ఇద్దరి ఎదుటా ‘కండెలు చుట్టుట, జీతం లేదు’ అని రాశాను. ఎన్నేళ్లుగా పని అన్నచోట నాకు తొమ్మిదేళ్లు, అత్తకు ముప్పై ఏళ్లు అని వేశాను. ఉద్యోజకుని పేరు అన్నచోట కలం చాలాసేపు ఆగింది. చివరికి ‘సుశీలాబాయి దత్తాత్రి దూస’ అని రాశాను. మరాఠీ పద్ధతిలో మొగుడి పేరు ఎలాగూ మధ్యలో ఉండనే ఉంది, ఆయనకు ఇంకేం లోటు?

గురువారం మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన దాన్ని వేలు పెట్టి చదివాడు. చదువుతున్నకొద్దీ నమలడం ఆగింది. “ఏంది గిది? ఇంట్లోళ్లను గూడ కామగార్లని రాస్తరా? నలుగుర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు. తర్వాత, “ఉద్యోజక్ అంటె నువ్వా?” అన్నాడు. ఫారాన్ని ఇంకోసారి చూశాడు. “అంటె గిది నౌకరీ చదువు కాదా?”

“కాదు.”

“మరి ఇన్నొద్దులు చెప్పకపోతివి?”

“నౌకరీ అన్నది నువ్వు. నేను అనలే.”

ఫారం కంచం పక్కన పడేశాడు. “గిట్ల రాస్తె నేను దస్కత్ పెట్ట. పొద్దుగాల్ల వరకు మార్చి రాయి. లేకుంటె పరీక్ష లేదు, కాలేజ్ లేదు” అని చెయ్యి కడుక్కున్నాడు.

మార్చి రాయడం ఎంతసేపు? రెండు పేర్లు కొట్టేసి ఒక పేరు మార్చితే చాలు. పాతిక మార్కులూ వస్తాయి, డిగ్రీ వస్తుంది. తొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదేగా, ఇంకోసారి చేస్తే నాకేం అరుగుతుంది? అని నాకు నేనే చెప్పుకున్నాను. అంట్లు తోమాను, పిల్లలకు అన్నం పెట్టాను, నూలు తెచ్చుకున్నాను, చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఉద్యోజకుడెవరో తెలుసుకోవడానికి మూడేళ్లు చదివి, ఆ ఉద్యోజకుని పేరు దగ్గర అబద్ధం రాసి పాసయ్యేది ఎందుకు? ఆ డిగ్రీని గోడకు వేలాడదీసుకుని, దాని కింద కూర్చుని కండెలు చుట్టడానికా? సంతకం లేకుండానే ఇచ్చేస్తానని తేల్చుకున్నాను. తీసుకోకపోతే తీసుకోకపోనీ. చదువు పోతుందన్న భయం మాత్రం అలాగే ఉంది, అది లేదంటే అబద్ధం.

మర్నాడు శుక్రవారం. మా ఆయన బజారుకు వెళ్లాడు. అత్త రాట్నం ముందు కూర్చుంటూ, “ఏం రాసినవే, వాడు గంతగనం ఎగురుతుండు?” అంది. తిట్లకు సిద్ధపడి ఫారం మొత్తం తెలుగులో చదివి వినిపించాను. నా పేరు, నా జోఖీమ్, అన్నీ విన్నది. మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

“నా పేరు గూడ రాసినవా?”

“రాసిన అత్తా.”

“మల్లొక్కసారి సదువు.”

“బుచ్చమ్మ. కండెలు చుట్టుట. ముప్పై ఏండ్లు. జీతం లేదు.”

రాట్నం ఆగింది. ఆమె పరదా పక్కకు తీసి షెడ్డు గోడ మీది పర్మిట్ వైపు చూసింది. “మీ సారు సదివింది నిజమేనా? గది నా పేరు మీదనే ఉన్నదా?”

“నీ పేరే. మామ పోయినంక నీ పేరుకు మార్చిండ్రు. నీతోటి ఏలుముద్ర ఏపిచ్చుకున్నరు గద.”

“ఎందుకో ఏమో అనుకున్న. మరి మాలక్ ఏలు పెడ్తె మీ సారు తీసుకుంటడా?”

తలూపాను. ఆమె బొటనవేలికి అంటిన నూలు పీచును కొంగుతో మెల్లగా తుడుచుకుంది. నేను సిరాబుడ్డి మూత తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“ముప్పై గాదే, ముప్పై నాలుగు. ముందుగాల గది దిద్దు, అటెన్క ఏలేస్త.”