పేరు లేని గిన్నె

తెనాలి గంగానమ్మపేటలో సుబ్బాయమ్మగారింట్లో ఉగాది పచ్చడికి ఎవరి గిన్నె వాళ్ళకే. అరచేతిలో ఇమిడే చిన్న స్టీలు గిన్నెలు, అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లు. ఏడాదంతా అటక మీదుండి ఆ ఒక్క పూటకి కిందికి దిగేవి. ఒకరి గిన్నెలోది ఇంకొకరు రుచి చూశారా, ఇంక అంతే సంగతులు. మిగతా రోజుల్లో నోట్లో నాలుక లేని మనిషి, ఆ పూట మాత్రం గరిటె పట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

కోడలు హైమావతికి ఇదంతా వట్టి చాదస్తంగా కనిపించేది. కనిపించదూ మరి, ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఘనపరిమాణాలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో నలుగురైదుగురికి సరిపడా పచ్చడి కొలిచి కలపడం అత్తగారికి చేతకాదంటే ఆవిడకి ఒకపట్టాన మింగుడుపడేది కాదు. ఎందుకంటే ఆ ఇంట్లో పచ్చడి రెండుసార్లు చాల్లేదు.

మొదటిసారి మామగారు వెంకట్రామయ్యగారికి. ఆ యేడు హైమావతి కూతురు అలేఖ్యకి పదకొండేళ్ళు, డెంగ్యూ జొరంతో మంచానికి అతుక్కుపోయి ఉంది. అందరి గిన్నెలూ నిండాయి. పెద్దాయన గిన్నె అడుగు కూడా తడవలేదు. "మనిషికొక గిన్నె లెక్కపెట్టుకోలేరా అత్తయ్యా, మరీ ఇంత మతిమరుపైతే ఎలా" అని హైమావతి మొహం మీదే అనేసింది. సుబ్బాయమ్మగారు గరిటె కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. పెద్దాయనే నవ్వేసి, "పోనీలేమ్మా, నాకెలాగూ షుగరేగా" అన్నాడు. పిల్ల వారం తిరక్కుండా లేచి కూచుని గారెలడిగింది. పెద్దాయన దసరా వెళ్ళాక పొలం గట్టు మీద కూలబడి, మళ్ళీ లేవలేదు.

రెండోసారి సుబ్బాయమ్మగారికే. రెండేళ్ళ కిందటి మాట. తన గిన్నె ఖాళీగా ముందు పెట్టుకుని, అందరూ తింటుంటే చూస్తూ కూచుంది. "ఇదెక్కడి చోద్యం అత్తయ్యా, నాదాంట్లోది కాస్త వేసుకోండి" అని హైమావతి చాపితే చెయ్యి అడ్డం పెట్టింది. "నీది నువ్వు తిను" అని కసిరింది. ఆ మార్గశిరంలో ఆవిడా వెళ్ళిపోయింది.

పెద్దదిక్కు పోయిన ఇల్లు కనక కిందటి ఉగాదికి పండగ లేదు, పచ్చడీ లేదు. అప్పటికి అలేఖ్యకి ఐదో నెల. బాపట్ల అత్తారింటి నుంచి వచ్చి అమ్మ దగ్గరే ఉంది. వైశాఖంలో ఒక రోజు పొద్దున్నే, "అమ్మా, నిన్నట్నుంచీ లోపల కదలట్లేదే" అంది. కారణమేంటో డాక్టరమ్మకీ తెలియలేదు. పిల్ల మూణ్ణెల్లు మనుషుల్లో పడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. హైమావతికి ఇంకో ఆలోచన లేదు. ఈ బిడ్డ ప్రాణంతో చేతికి రావాలి, అంతే.

పచ్చడిలోకి కొత్త చింతపండు రేపల్లె నుంచే రావాలన్నది సుబ్బాయమ్మగారి పట్టుదల. అక్కడ ఆవిడ చెల్లెలు ఉంది. పండగ రెండ్రోజులుందనగా హైమావతి పొద్దున ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళింది. చింతపండుకే వెళ్ళిందని ఇంట్లో చెప్పింది గానీ, అసలు పని వేరే ఉంది. వేమూరు దాటిందగ్గర్నుంచీ ఎలా అడగాలా అని నోట్లో మాటలు కూడబలుక్కుంటూనే ఉంది.

"పిన్నత్తయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మా అత్తయ్య పచ్చడి కావాలనే తక్కువ కలిపేదా?"

ముసలావిడ చింతపండులో గింజలు తీస్తున్నది ఆగిపోయింది. "అయితే అక్క నీకు చెప్పలేదన్నమాట" అంది. "చెబుతానంది. నీ దగ్గర నోరు పెగల్లేదేమో. మతిమరుపని అన్నావటగా."

హైమావతి తల దించుకుంది.

"మా అమ్మ చేతి నుంచి అక్క చేతికొచ్చిందమ్మాయ్. నాకు రాలేదు, నా అదృష్టం. ఎంత కలిపినా ఒక్కో యేడు ఒక గిన్నెకి చాలదు. ఆ గిన్నె మనిషి మళ్ళీ ఉగాది చూడరు. ఏ యేడు చాలదో ముందు తెలీదు. అందుకని పోసే చెయ్యి వరస చూసుకోవాలి. లోటు ఎప్పుడూ చివరి గిన్నెకే."

హైమావతి వేళ్ళ మీద గిన్నెలు లెక్కపెట్టుకుంది. "అంటే మామగారిది..."

"ఆ యేడు పిల్లకి బాగాలేదుగా, పిల్లది ముందు పోసింది. తర్వాత నీదీ, మీ ఆయనదీ. మిగిలినవి రెండు. తనది చివర పెట్టుకుందామనుకుంది. మా బావగారే వచ్చి, ముందు నీది పోసుకోవే అన్నాడట. ఆయనకి తెలుసు."

ఇన్నేళ్ళూ తన నోటితో తనేమన్నదీ ఒక్కొక్కటే గుర్తొచ్చి హైమావతికి తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి తన మొగుణ్ణి వదులుకుని నా పిల్లని నాకిస్తే, నేను లెక్కలు రావన్నానా అనుకుంది. కళ్ళు తుడుచుకుని, "మరి కిందటేడు? అసలు పచ్చడే చెయ్యలేదుగా" అంది.

"చెయ్యకపోతే లోటు రాదనుకున్నావా? వచ్చేది వస్తుంది. ఎవరి మీద పడాలో మన చేతిలో ఉండదు, అంతే తేడా."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది ముసలావిడ. "కడుపులో ఉన్నదానికీ ఒక గిన్నె పెట్టు. పేరు చెక్కించకు. అది తల్లి తినాలి, ఇంకెవరూ తినకూడదు. ఎవరి పేరున పోసింది వాళ్ళ లోపలికే వెళ్ళాలి. గుర్తుందిగా?"

ఉగాది పొద్దున్నే తలంట్లయ్యాక హైమావతి వంటింట్లోకి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. అల్లుడు శ్రీకర్ బాపట్లలో తల్లిదండ్రుల దగ్గరే పండగ చేసుకుంటున్నాడు, సాయంత్రానికొస్తాడు. ముగ్గురికీ, కడుపులో బిడ్డకీ కలిపి నాలుగు చిన్న గిన్నెలు. చిన్న తపేలాలో కలిపితే సరిపోతుంది. హైమావతి మాత్రం సత్యనారాయణ వ్రతాలకి పులిహోర కలిపే గుండిగ దింపింది.

ఎంత చెడ్డా లెక్కల టీచరు. అంత గుండిగలోంచి నాలుగు గిన్నెలకి ఎలా చాలదో చూస్తాను అనుకుంది. రెండు కేజీల బెల్లం తరిగింది. చింతపండు పులుసు బకెట్టుడు తీసింది. మామిడికాయలు ఆరు తరిగింది. భర్త మధుసూదన్ బాపట్లలో వాళ్ళాఫీసు చెట్టు నుంచి దులిపి తెచ్చిన వేప్పువ్వు, మిరియప్పొడి, ఉప్పు వేసి గరిటె పెట్టి తిప్పుతుంటే, ఆయన అటుగా వచ్చి గుండిగలోకి తొంగిచూశాడు.

"హైమా, వీధి వీధంతా పిలిచావా ఏంటి?"

"పిలుస్తాను, మీకేం. వెళ్ళి దేవుడి దగ్గర దీపం చూడండి" అంది, కసురుతున్నట్టు. అసలు సంగతి ఆయనకి తెలియకూడదు. అలేఖ్యకీ ఏమీ చెప్పలేదు. చెప్పిందంటే ఆ పిల్ల తన గిన్నె తీసుకెళ్ళి చివర పెట్టుకుంటుంది. తన కూతురు తనకి తెలీదూ.

ముందు పేరు లేని గిన్నె పెట్టింది. మొన్ననే మెయిన్‌రోడ్డులో కొన్నది, ఇంకా స్టిక్కరు జిగురు పోలేదు. గరిటె ముంచి పోసింది. నిండింది. గుండిగలోకి చూస్తే పచ్చడి జానెడు దిగి ఉంది.

హైమావతి వంగి నేల తడిమి చూసింది. ఎక్కడా చుక్క తడి లేదు. గుండిగ అడుగు చుట్టూ చెయ్యి పోనిచ్చింది. చిల్లులేదు. వంటింట్లో మామిడికాయ వాసన కమ్మగా వస్తోంది, కుక్కరు మీద గుడ్డ ఆరేసినట్టే ఉంది, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అలేఖ్య గిన్నె పోసింది. ఇంకో జానెడు దిగింది. మధుసూదన్ గిన్నె పోసేసరికి గుండిగ అడుగు కనిపించింది. నాలుగు వేప్పువ్వులు, రెండు మామిడి ముక్కలు అంటుకుని ఉన్నాయి. తన గిన్నె మీద గరిటె వంచింది. గరిటె గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఈ యేడే అన్నమాట.

భయం వెయ్యలేదంటే అబద్ధం. యాభై రెండేళ్ళు, ఇంకా రిటైరు కూడా కాలేదు. మనవణ్ణో మనవరాల్నో ఒళ్ళో వేసుకుని నలుగు పెట్టాలని ఎన్నిసార్లు అనుకుందో. అయినా ఆ భయం వెనకాలే అమ్మయ్య అనిపించింది. లోటు తన గిన్నెలోనే ఆగింది, బిడ్డ గిన్నె నిండుగా ఉంది. అత్తగారు ఆ రోజు ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని అంత నిమ్మళంగా ఎలా కూచుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

నాలుగు గిన్నెలూ పళ్ళెంలో పెట్టి దేవుడి దగ్గర ఉంచింది. హారతి కర్పూరం కనబడక పెరటి వసారాలో అలమర వెతకడానికి వెళ్ళింది. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

తిరిగొచ్చేసరికి అలేఖ్య పళ్ళెం పక్కన పీట మీద కూచుని ఉంది. హైమావతి పేరున్న గిన్నె నిండుగా ఉంది. పేరు లేని గిన్నె ఖాళీ.

"ఏంటమ్మా నువ్వు, అందరికీ పోసి నీకు లేకుండా చేసుకుంటావు? ఎప్పుడూ ఇంతే" అంది అలేఖ్య. "ఇదేదో పేరు లేనిది ఎక్స్‌ట్రాగా ఉంటే నీదాంట్లో వంచేశాను. దా, కూచో."

హైమావతి పళ్ళెం వైపు పరిగెత్తింది. కర్పూరం ఎక్కడో జారిపోయింది. నిజం చెబితే పిల్ల ఏమైపోతుందో. గబగబా కూచుని తన పేరున్న గిన్నె తీసుకుని, చెంచాతో కూతురి నోటి దగ్గర పెట్టింది.

"ఇది నువ్వే తినాలి. రాత్రి నుంచీ నా కడుపులో మంట, పులుపు పడదు. నువ్వు తిను తల్లీ."

"ఇంతా? నాది నాకుందిగా."

"నీది నీకే. ఇది బిడ్డకి. నోరు తెరువు."

బిడ్డకనేసరికి అలేఖ్య మొహం మారింది. ఇంకేమీ అడగలేదు, బుద్ధిగా నోరు తెరిచింది. కిందటేడు కడుపు పోయిన పిల్ల కదా, బిడ్డకంటే విషమిచ్చినా తాగేలా ఉంది. హైమావతి చెంచా తర్వాత చెంచా పెట్టింది. కింద చుక్క పడకుండా గడ్డం కింద అరచెయ్యి పట్టింది. గిన్నె అడుగున ముక్క కూడా వదల్లేదు, వేలితో తుడిచి మరీ చెంచాలోకి తీసింది. ఇంక ఆ ఒక్క చెంచా ఉంది.

ఆ చెంచా అలేఖ్య లాక్కుంది. లాక్కుని, నవ్వుతూ, తల్లి ఏదో అనబోయి నోరు తెరిచినప్పుడు ఆ నోట్లో పెట్టేసింది.

"నీకూ ఏడాది బాగుండాలిగా" అంది.

హైమావతి మింగేసింది. మింగాలని మింగలేదు, గొంతు దానంతటదే మింగింది. బెల్లం తియ్యగా, వెచ్చగా లోపలికి దిగడం తెలుస్తూనే ఉంది.

"అమ్మా, ఒకటి చెప్పనా" అంది అలేఖ్య కడుపు మీద చెయ్యి వేసుకుని. "పొద్దున్నుంచీ ఒకటే తన్నులు. ఇదిగో, ఇప్పుడే ఊరుకుంది."

హైమావతి లేచి పెరట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోమే గట్టు దగ్గర వంగి గొంతులోకి వేళ్ళు పోనిచ్చింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి గానీ, కడుపులోంచి ఏమీ రాలేదు. మధుసూదన్ వెనకాలొచ్చి వీపు రాస్తూ, "ఏంటి హైమా, ఏం తిన్నావు?" అంటే ఏం చెబుతుంది.

మొహం కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూచుంది. కడుపు మీద అరచెయ్యి వేసింది, మళ్ళీ తియ్యలేదు. టీవీలో పంచాంగం చదువుతున్నారు, ఏ రాశికి ఎంత ఆదాయమో ఎంత వ్యయమో. మధుసూదన్ తన గిన్నె తినేసి బాగుందన్నాడు. అలేఖ్య తన పేరున్నదీ తిని కునుకు తీసింది. వాళ్ళవీ వీళ్ళవీ ఫోన్లలో శుభాకాంక్షలు వచ్చిపోతున్నాయి. బొబ్బట్లు చెయ్యలేదేంటని మధుసూదన్ అడిగితే హైమావతి వినిపించుకోలేదు. ఒంటిగంటైంది, రెండైంది. చెయ్యి తిమ్మిరెక్కింది. అత్తయ్యా, నేను తెలిసి చేసింది కాదు, ఆ చెంచా నాది కాదు, బిడ్డది, వెనక్కి తీసుకోండి అని లోపల్లోపలే అంటూ ఉంది.

మూడవుతుందనగా చేతి కింద ఒక్కసారి కదిలింది. చిన్నగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు. హైమావతికి ఏడుపు తన్నుకొచ్చింది. కూతురు లేస్తుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇవాళ్టికి గడిచింది. ఏడాది ఇవాళే మొదలైంది.