సీతాబాయి పాలు

ప్రియదర్శిని ఏళ్ల తరబడి ల్యాబ్‌లో బోరు నీళ్లు పరీక్షించి, పరిశోధనా పత్రాలు రాసింది. వాటిని చదివింది ఆమె గైడు, మహా అయితే ఇంకో ఇద్దరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు పట్టేసిన జనానికి ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్కా చేరలేదు. విసుగొచ్చి, ఆ ఉద్యోగానికి ఓ దండం పెట్టి, సొంతూరు జహీరాబాద్ వచ్చేసి, తెలుగులో సైన్స్ వీడియోలు మొదలుపెట్టింది.

మొదటి వీడియోకే పేరొచ్చింది. ఝరాసంగం దిక్కు పల్లెలో పాలమ్ముకునే సీతాబాయి బోరు పక్కన నిలబడి, తన గారపళ్లు, వంగని మోకాళ్లు చూపించి మాట్లాడింది. ఊరి పేరు మాత్రం ప్రియదర్శిని బయటపెట్టలేదు. పత్రాల్లో ఊళ్లకు నంబర్లు వేసిన అలవాటు కదా, అదే జాగ్రత్త అనుకుంది. పిచ్చి తల్లి! రోజూ షేర్ ఆటోలో వచ్చి జహీరాబాద్‌లో ఇంటింటికీ పాలు పోసే మనిషి ముఖం చూపించాక, ఇక ఊరి పేరు దాచి ఏం లాభం?

వారం తిరక్కుండానే సీతాబాయి నిండు క్యాన్‌తో వచ్చి ప్రియదర్శిని గడపలో కూలబడింది.

"ఎవ్వలు పోయించుకుంటలేరు మేడం. విషం పాలంటున్రు. పాలు మంచిగనే ఉన్నయని జర గా ఫోన్లనే చెప్పున్రి."

పాలల్లోకి ఫ్లోరైడ్ పెద్దగా దిగదని ప్రియదర్శిని చదువుకుంది. కానీ ఈ పాలను ఆమె పరీక్షించలేదు. పరీక్షించకుండా మాట అనడం ఆమెకు చేతకాదు.

"టెస్టు చేయించి చెప్తనమ్మా. జర ఆగు."

"నేనాగుత మేడం. బర్లకు మేత ఆగుతదా?"

ఫలితం వచ్చేసరికి నెల దాటింది. పాలలో ఏ దోషమూ లేదు. ఆ మాటే వీడియోలో చెప్పింది. భయపెట్టినప్పుడు ఎగబడి చూసిన జనం, ఈసారి కన్నెత్తి చూడలేదు. సీతాబాయికైనా చెబుదామని ఊరికి పోయింది.

కొట్టం ఖాళీగా ఉంది. బర్రెలను అంగడిలో అడిగినంతకే ఇచ్చేశారట. ఆ మోకాళ్లతోనే పత్తి ఏరే కూలికి పోయి, సీతాబాయి అప్పుడే తిరిగొచ్చింది.

"పాలు మంచియే అమ్మా," అంది ప్రియదర్శిని. తన మీద తనకే అసహ్యమేసింది.

"నాకెర్కనే గద మేడం."

సీతాబాయి లోపలికి పోయి, ఇంటికొచ్చిన మనిషికని చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇవ్వబోయి ఆగిపోయింది.

"ఊళ్లె నీళ్లు సాఫ్ జేసే మిషిన్ ఇంక పెట్టలే. గదే బోరుయి. మీరు తాగొద్దు గద."

ఆ చెంబెత్తి తనే గటగటా తాగేసింది.