సాయంత్రంలోగా గోడ దాటాలి

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అంటారు. ఆమె బృందం రాసిన ప్రోగ్రాం ఒకే కంప్యూటర్‌ను గదులుగా విడగొడుతుంది. ఒక్కో గదిలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తూ, యంత్రమంతా తనదే అనుకుంటుంది. ఒక గది గుట్టు పక్క గదికి పొక్కకూడదు. అందుకే ఎవరు ఏ సదుపాయం చేర్చబోయినా ఆమె "ఇది ఎవరికి కావాలి?" అంటుంది. జవాబు లేకపోతే తీసేస్తుంది. అలా సౌండు పోయింది, స్క్రీను పోయింది, ఫ్లాపీ పోయింది.

ఒక ఆసుపత్రి తన రోగుల రికార్డులను ఈ ప్రోగ్రాం మీద పెడతానంది. షరతు ఒకటే. ఒక గదిని తాము పంపే మనిషి చేతికివ్వాలి. అతను సాయంత్రంలోగా అందులోంచి బయటపడకూడదు. పడితే బృందాన్ని ఎత్తేస్తానని మేనేజరు చెప్పేశాడు.

వచ్చినవాడు ఆమె మరిది. ఇలాంటి గదుల గోడలు దాటి చూపడమే అతని వృత్తి. చుట్టరికం తెలిసే ఆసుపత్రి తన ఇంజనీరును అతని పక్కన కాపలాగా కూర్చోబెట్టింది.

"వదినా, అన్నయ్యకి ఏం చెప్పుకుంటారో ఇప్పుడే ఆలోచించుకోండి."

"ముందు దాటు నాయనా. తర్వాత కోతలు కోద్దువుగాని."

ఇలాంటి ప్రోగ్రాముల్లో అతనికి అలవాటైన దారి పాతకాలపు ఫ్లాపీ డ్రైవు. ఎవరూ వాడరు, ఎవరూ తీసెయ్యరు. అటు పంపిన ఆదేశానికి జవాబు రాలేదు. మళ్ళీ పంపాడు.

"ఫ్లాపీ ఏది?"

"ఎవరికి కావాలి?"

"నాకు!"

ఇంజనీరు కూడా నవ్వాడు.

మిగిలినవి డిస్కు, నెట్‌వర్కు. మధ్యాహ్నం అతను తన పొడవెంతో తప్పుగా చెప్పే డేటా ప్యాకెట్టు ఒకటి నెట్‌వర్కులోకి వదిలాడు. ఆ పొడవును సరిచూడటం బృందం మరిచిపోయింది.

"వదినా, గోడలో ఉన్నాను. మీ ప్రోగ్రాం ఇప్పుడు నా మాట వింటోంది."

మేనేజరు లేచి నిలబడ్డాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"అయితే పక్క గది ఫైలు తెరువు."

అతను ఎంటర్ కొట్టాడు. అతని గది మాయమైంది. పక్క గదులన్నీ నడుస్తూనే ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు.

"ఒక్కో గదికి మా ప్రోగ్రాం నకలు ఒక్కొక్కటి కాపలా. కొత్తగా ఫైలు తెరిచే హక్కు దేనికీ ఇవ్వలేదు. అడిగిన మరుక్షణం అడుగునున్న అసలు ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చంపేస్తుంది, గదితో సహా."

మరిది కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "మీరు రాసిన ప్రోగ్రాంనే నమ్మలేదా?"

"రాసింది మేమే కదా. ఎలా నమ్ముతాం?"

సాయంత్రం దాకా అతను ఇంకెన్నో దారులు చూశాడు. ప్రతిసారీ గదే పోయింది. చివరికి ఇంజనీరు ఆసుపత్రికి ఫోన్ చేసి, "రికార్డులు ఎక్కించడం మొదలుపెట్టండి" అన్నాడు. బృందం బల్లలు చరిచింది. అందరికంటే గట్టిగా చరిచింది మరిది.

"చాల్లే, ఆ ప్యాకెట్టు ఇలా ఇవ్వు," అందామె. "కంత పూడ్చాలి."